గుర్రానికి వినపడిన ఈల

మహబూబాబాద్,
21 సెప్టెంబర్ 2011.

మామకు, అత్తకు ప్రేమ్‌సింగ్ నమస్కారాలు.

నా కాలు విరిగిన సంగతి దీప అక్క అత్తకు ఫోన్‌లో చెప్పే ఉంటుంది. ఎలా విరిగిందో చెప్పి ఉండదు. ఎందుకంటే ఆమెకే నేను సరిగ్గా చెప్పలేదు. హైదరాబాదు నుంచి వస్తుంటే జనగామలో దిగిపొమ్మన్నారు, ఇక ముందుకు బస్సు పోదని. అంతా తెలంగాణ కోసం మీ బస్సు డ్రైవర్లు చేస్తున్న సమ్మె పుణ్యం. పాలకుర్తి దాకా ఒక్క ఆటోలో పదిహేను మందిమి వచ్చాం. అక్కడ ఎరువు బస్తాల ట్రాక్టర్ దొరికింది. ట్రాక్టర్ బోల్తా పడలేదు, గుంతలో దిగలేదు. తొర్రూరులో చాయ్ కోసం ఆపితే, ఆగి ఉన్న ట్రాక్టర్ మీద నుంచి దిగబోయి పడ్డాను. ఈ మాట నీ కడుపులోనే ఉంచుకో. తొడ నుంచి పాదం దాకా పట్టీ వేశారు. ఆరు వారాలు కదలకూడదట. అక్క వాళ్ళింట్లో మంచం మీద ఉన్నాను. బావ నెట్ సెంటర్ కింద, నేను పైన.

అసలు సంగతి ఇది. విదేశాల వాళ్ళు తయారు చేసిన వీడియో ఆటల్ని అమ్మకానికి పోకముందు పరీక్షించే కంపెనీ ఒకటి హైదరాబాదులో ఉందని చెప్పాను కదా. వాళ్ళు నాకో పని ఇచ్చారు. మీ ఇంట్లో ఉన్న నా కంప్యూటర్‌లో ఆ గుర్రాల ఆట ఉంది చూడు, ఎడారి, కొండలు, టోపీల మనుషులు. అందులో మనిషి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎన్ని రకాలుగా పోగలడో అన్ని రకాలుగానూ పోయి చూడాలి. నడిచి, గుర్రం మీద, నాలుగు గుర్రాల బండిలో, రైల్లో, చివరికి డేరా వేసుకుని పటం మీద వేలు పెట్టి రెప్పపాటులో. దేనికి ఎంత సేపు పట్టిందో, ఎక్కడ తప్పు కనపడిందో రాయాలి. ఏమేం చూడాలో కంపెనీ ఇచ్చిన కాగితం దీంతో పాటే పెట్టాను. అక్టోబర్ ఏడు గడువు. రాసింది నచ్చితే ఉద్యోగం. డిగ్రీ అయి రెండేళ్ళు, రాసిన పరీక్షలన్నీ పోయాయి, ఇది తప్ప నా చేతిలో ఇంకేమీ లేదు.

కంప్యూటర్ అక్కడ, నేను ఇక్కడ, మధ్యలో బస్సు లేదు. కాబట్టి ఆ ఆట నువ్వు ఆడాలి మామా. వానాకాలమంతా సాయంత్రాలు నా వెనక కూర్చుని "గుర్రాన్ని గట్ల ఉరికియ్యకురా" అని నస పెట్టింది నువ్వే. ఏ మీట ఏం చేస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు. సమ్మెలో ఖాళీగానే ఉన్నావు. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు రెండుసార్లు హలో అని అత్తకు ఇచ్చేస్తావు, అత్తకు గుర్రాల సంగతి నేను చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం. పోస్టు వాళ్ళు ఇంకా సమ్మెలోకి రాలేదట, వాళ్ళు రాకముందే జవాబు రాయి.

మంచం మీద నుంచి,
ప్రేమ్‌సింగ్.


భూపాలపల్లి,
25 సెప్టెంబర్ 2011.

అల్లుడు ప్రేమ్‌సింగ్‌కు జాల్యా ఆశీస్సులు.

ఆగిన ట్రాక్టర్ మీద నుంచి పడినవాణ్ణి మన చుట్టాల్లో నిన్నే చూశాను. ఎవరికీ చెప్పను. మీ అత్త మాత్రం ఉత్తరం చదివించుకుంది, కనుక ఈపాటికి తండా మొత్తానికీ తెలిసి ఉంటుంది. మన లంబాడీ మాటకు రాత ఉండి ఉంటే నిన్ను ఇంకా బాగా తిట్టేవాణ్ణి. తెలుగులో తిడితే పరాయివాణ్ణి తిట్టినట్టు ఉంటుంది.

పొద్దున డిపో ముందు శిబిరంలో కూర్చుంటున్నాం. రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే తిండి. బొగ్గు బావులూ బంద్ కావడంతో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గానీ, రెండు నుంచి ఐదు దాకా ఉంటోంది. ఆ మూడు గంటలూ నీ డ్యూటీ చేస్తున్నాను. ఖాకీ చొక్కా ఒక్కటే తక్కువ అంటుంది మీ అత్త.

ఆ ఊళ్ళ పేర్లకు నా నోరు తిరగదు. అందుకని మన రూటు పేర్లు పెట్టుకున్నాను. గని ఉన్న ఊరు భూపాలపల్లి. దాని తర్వాత ఒక సారా దుకాణం, ఒక నీళ్ళ తొట్టి ఉన్న చోటు రేగొండ. రేగొండ వాళ్ళు నన్ను మన్నించాలి. సంత ఉన్నది పరకాల, చర్చి ఉన్నది ఆత్మకూరు, రైలు స్టేషన్ ఉన్న పెద్ద ఊరు హన్మకొండ. లాగ్ షీట్ గీసి ట్రిప్పుల వారీగా రాశాను, దీంతో పాటే పంపుతున్నాను. బయలుదేరిన టైము, చేరిన టైము, దారిలో ఏమైంది, అన్నీ ఉన్నాయి.

భూపాలపల్లి నుంచి రేగొండకు నడిస్తే ముప్పై ఒక్క నిమిషాలు. గుర్రం మీద ఏడు. గుర్రానికి ఒక నీలం గీత ఉంది కదా, అది దాని ఊపిరి. సగానికి పడగానే దిగి నడిపించాను. నీలాగా పొడిచి పొడిచి ఉరికిస్తే అది ఎత్తి పారేస్తుంది, పారేయడంలో తప్పు కూడా లేదు. ఊళ్ళో కట్టేసిన గుర్రాలను విప్పుకుని పోవచ్చని నీ కాగితంలో ఉంది. ఆ ఒక్కటి నేను చేయలేదు. పరాయివాడి గుర్రం ఎక్కే పద్ధతి మన ఇంట్లో లేదు, బొమ్మలో అయినా సరే.

నాలుగు గుర్రాల బండి నాకు నచ్చింది. వెనక కూర్చోనూవచ్చు, పగ్గాలు పట్టుకునే కొలువూ దొరుకుతుంది. పగ్గాలే పట్టుకున్నాను. కానీ దారిలో మనుషులు నిలబడి ఉంటే ఆపకుండా పోవడం నా చేత కాలేదు. ఆపాను. ఎవరూ ఎక్కలేదు. ఒకడు నన్ను తుపాకీతో కాల్చాడు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ప్రయాణికుల చేత తిట్లు తిన్నాను గానీ తూటా తినలేదు. ఈ తప్పును షీట్లో ఎర్ర సిరాతో రాశాను.

రెండు కాగానే శిబిరం నుంచి లేచి పోతున్నానని సంఘం వాళ్ళకు అనుమానం వచ్చింది. మొన్న సంఘం తరఫున బీక్యా, నా బండి కండక్టర్ లక్ష్మీకాంత్ ఇంటికే వచ్చారు. వచ్చేసరికి నేను గుర్రాల బండి పగ్గాలు పట్టుకుని ఆత్మకూరు పోతున్నాను. బీక్యా కాసేపు చూసి, నా దగ్గరికి వంగి, "సమ్మెల ఉండుకుంట బండి తోలుతున్నవా జాల్యన్నా" అన్నాడు. ఇది డిపో బండి కాదన్నాను. ఇద్దరూ బయటికి పోయి మాట్లాడుకుని వచ్చి, సరే, గుర్రాలకు సమ్మె వర్తించదని తేల్చారు. లక్ష్మీకాంత్ మాత్రం సాయంత్రం దాకా కూర్చుని, బండిలో టికెట్లు కొట్టేవాడు లేడేమిటని బాధపడ్డాడు.

కాలు కదపకు.
జాల్యా.


మహబూబాబాద్,
29 సెప్టెంబర్ 2011.

మామకు నమస్కారాలు.

నీ లాగ్ షీట్ చూసి బావ గంట సేపు నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే దాన్ని కంపెనీ భాషలోకి మార్చవలసినవాణ్ణి నేను. పరకాల అంటే ఏదో, ఆత్మకూరు అంటే ఏదో పటం ముందు పెట్టుకుని పోల్చుకోవడానికి ఒక పూట పట్టింది. అయినా నిజం చెప్పాలంటే పని చాలా బాగుంది. నేనైతే ఇంత ఓపికగా చేసేవాణ్ణి కాదు. గుర్రాన్ని దింపి నడిపించే పరీక్షకుడు దేశంలో నువ్వొక్కడివే ఉంటావు.

ఇక కొన్ని మాటలు కోపం తెచ్చుకోకుండా విను. బండిని ఎవరి కోసమూ ఆపకు. ఆపితే టైము తప్పుతుంది. గుర్రాన్ని ఒకసారైనా పూర్తిగా ఉరికించు, పడేస్తే పడేయనీ. అది నీకు తగిలేది కాదు. డేరా వేసి పటం మీద వేలు పెట్టే దారి నువ్వు అసలు ముట్టుకోలేదు. దాన్ని కూడా చూడాలి.

రైలు సంగతి నువ్వింకా రాయలేదు. కంపెనీ వాళ్ళు కొత్తగా ఇంకో కాగితం పంపారు. ప్రయాణంలో వచ్చే చప్పుళ్ళు కూడా సరిగా ఉన్నాయో లేదో చూడమన్నారు. గుర్రం డెక్కలు, బండి చక్రాలు, రైలు కూత, స్టేషన్ గంట, గుర్రాన్ని పిలిచే ఈల. ఈల మీట తెలుసు కదా, అది నొక్కితే మనిషి ఈల వేస్తాడు, గుర్రం ఎక్కడున్నా వస్తుంది. వీటిలో దేనికి చప్పుడు లేకపోయినా అది పెద్ద తప్పు కింద లెక్క. అలాంటివి రెండు మూడు దొరికాయంటే ఉద్యోగం నాదే అనుకో. స్పీకర్లు బల్ల కింద ఉన్నాయి, వెనక పచ్చ రంధ్రంలో పెట్టాలి.

ఇక్కడ కరెంటు పగలు ఉండటం లేదు. బావ నెట్ సెంటర్లో కొవ్వొత్తి పెట్టుకుని కూర్చుంటున్నాడు, ఎవరొస్తారని అడిగితే కొవ్వొత్తి కొనడానికి వస్తారంటాడు.

పరీక్షకుడి అల్లుడు,
ప్రేమ్‌సింగ్.


భూపాలపల్లి,
3 అక్టోబర్ 2011.

అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే గుర్రాన్ని ఉరికించాను. పడేసింది. లేచి దానికి దండం పెట్టి మళ్ళీ ఎక్కాను.

డేరా వేసి వేలు పెట్టే దారి కూడా చూశాను. భూపాలపల్లి నుంచి హన్మకొండకు నాలుగు సెకన్లు. ఇందులో రాయడానికేమీ లేదు. తెర నల్లబడుతుంది, తర్వాత హన్మకొండ. ఇలా పోయేవాడికి గుర్రమెందుకు, దారెందుకు, మధ్యలో రేగొండ ఎందుకు. ఇలాంటిదే నిజంగా వస్తే డ్రైవర్ల పని ఖతం. అయితే నీ కాలికి మాత్రం పనికొచ్చేది, ఆ మాట ఒప్పుకుంటాను. మన తాతలు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని నెలల తరబడి నడిచారని మా నాయిన చెప్పేవాడు. ఆ ఆటలో అన్నీ పెట్టారు గానీ బరువు మోసే ఎద్దును పెట్టలేదు. దీన్ని కూడా తప్పుల్లో రాశాను, నీకిష్టం లేకపోతే కొట్టెయ్.

ఇప్పుడు రైలు. స్పీకర్లు పచ్చ రంధ్రంలోనే పెట్టాను. తుపాకీ మోగుతుంది, డెక్కలు దబదబమంటాయి, రైలు చక్రాల మోత నేల అదిరేలా ఉంది. కానీ రైలు కూత వేయదు. ఇంజిన్ మీద తెల్ల ఆవిరి లేస్తుంది, చప్పుడు మాత్రం లేదు. స్టేషన్‌లో ఒకడు గంట తాడు లాగుతాడు, గంట ఊగుతుంది, మోగదు. కూత లేకపోవడం వల్ల పట్టాలు దాటుతుండగా మూడుసార్లు రైలు నా గుర్రాన్ని గుద్దింది. మూడోసారి నాకు నిజంగా కోపం వచ్చింది. జనం మధ్య నుంచి పోయే బండికి కూత లేకపోతే ఎలా. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు. ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను.

ఇంకో వింత. నువ్వు చెప్పిన ఈల మీట నొక్కితే నా మనిషి వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు. ఈల రాదు. కానీ గుర్రం వస్తుంది. పదిసార్లు చూశాను, పదిసార్లూ వచ్చింది. గుర్రానికి వినపడిన ఈల మనిషికి వినపడకపోవడం ఎక్కడి న్యాయమో ఆ కంపెనీ వాళ్ళను అడుగు.

నా వంతు లోపం లేకుండా స్పీకర్ల గొంతు చివరి దాకా పెంచి చూశాను. పక్కింటి శశికళ వచ్చి, బతుకమ్మ పేర్చుకుందామంటే మీ రైలు గోల ఏమిటని మీ అత్తతో తగాదా పెట్టుకుంది. చక్రాల మోతకే అంత గోల. మీ అత్త ఆమెను సముదాయించి పంపింది, మామూలుగా అయితే తనూ తగాదాకు దిగేదే. శిబిరంలో కూడా ఇంతే, మైకు డబ్బా పక్కన కూర్చోవడానికి అందరూ భయపడతారు. నేనే కూర్చుంటున్నాను. ఈ కాలపు మనుషులకు చెవులు మరీ సున్నితం.

ఇవన్నీ రాసిన రెండో షీట్ కూడా పెట్టాను. ఈ మూడు తప్పులతో నీ ఉద్యోగం ఖాయమని మీ అత్తతో అన్నాను.

జాల్యా.


మహబూబాబాద్,
8 అక్టోబర్ 2011.

మామకు.

దసరా ఎలా జరిగిందని అడిగే ఓపిక నాకు లేదు. సూటిగా రాస్తున్నాను.

నువ్వు పంపిన తప్పులన్నీ రాసి ఆరో తేదీన బావ నెట్ సెంటర్ నుంచి పంపాను. కూత లేని రైలు, మోగని గంట, వినపడని ఈల, ఈ మూడింటినీ అన్నిటికంటే పైన పెట్టాను. మరునాడే జవాబు వచ్చింది. వాళ్ళ ఆఫీసులో నలుగురు చూశారట. నలుగురికీ కూత వినపడింది, గంట వినపడింది, ఈల వినపడింది. నువ్వు నిజంగా ఆడావా, లేక ఊహించి రాశావా అని అడిగారు. నేనేం చెప్పను. నేను ఆడలేదు కదా. చివరికి మా మామ ఆడాడని, ఆయన స్పీకర్లు సరిగా పెట్టి ఉండడని రాశాను. ఇంకొకరి చేత ఎందుకు ఆడించావని ఇప్పుడు ఇంకో ప్రశ్న.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. రైలు దగ్గరికి నువ్వు అసలు పోయావా? నేను తప్పులు దొరికితే ఉద్యోగం నాదే అని రాశాను కాబట్టి, అల్లుడికి మేలవుతుందని మూడు తప్పులు పుట్టించావా? తుపాకీ మోగి, డెక్కలు మోగి, కూత ఒక్కటే మోగకపోవడం ఎలా సాధ్యం? అక్క అలా అనకురా అంటోంది. కానీ మామా, దొంగ షీట్ రాస్తే మీ డిపోలో ఏం చేస్తారో నాకు నువ్వే చాలాసార్లు చెప్పావు.

ప్రేమ్‌సింగ్.


భూపాలపల్లి,
11 అక్టోబర్ 2011.

ప్రేమ్‌సింగ్‌కు.

ఇరవై నాలుగేళ్ళలో నేను దొంగ షీట్ రాయలేదు. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే జవాబు కూడా రాసేవాణ్ణి కాదు. నువ్వు అన్నావు కాబట్టి నిన్న మళ్ళీ కూర్చున్నాను. కంపెనీలో నలుగురూ అబద్ధమాడాలి, లేదా నేనాడాలి. ఇంకో దారి నాకు తోచలేదు.

సాక్షి ఉంటే మంచిదని మీ అత్తను పిలిచాను. పక్కన పీట వేసి కూర్చోబెట్టి, రైలు కూత వేస్తే చెయ్యి లేపమని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. నా మనిషిని స్టేషన్‌లో నిలబెట్టి రైలు కోసం చూశాను. రైలు వచ్చింది. ఆవిరి లేచింది. మీ అత్త చెయ్యి లేపింది. నాకు చక్రాల మోత తప్ప ఏమీ వినపడలేదు. ఆమె పొరపాటు పడిందనుకుని ఇంకో రైలు కోసం ఆగాను. మళ్ళీ లేపింది. ఈసారి తెర వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చోమన్నాను. గోడ వైపు తిరిగి కూడా, సరిగ్గా ఆవిరి లేచినప్పుడే చెయ్యి లేపింది. ఏడు రైళ్ళు చూశాను. ఏడుసార్లూ లేపింది. తర్వాత ఈల మీట నొక్కాను. చెయ్యి లేచింది.

నాకు భయం వేసింది అల్లుడా. ఘాట్ రోడ్డులో బ్రేకు పడనప్పుడు కూడా అంత భయం వేయలేదు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఆమె నా ముఖం దగ్గరికి వచ్చి చెప్పింది. "రెండేండ్లాయె. కుక్కర్ కూత నీకు వినవడ్త లేదని నాకు ఎరుకే."

మరి చెప్పలేదేమని అడిగాను.

"చెప్తే బస్సు దిగుతవని చెప్పలే."

ఇంజిన్ పక్కన కూర్చున్న చెవులు ఇలాగే పోతాయట. మోత వినపడుతుంది. సన్నటివి పోతాయి. కూత, గంట, ఈల, పిట్ట. పిట్టలు తగ్గిపోయాయని, బొగ్గు దుమ్ముకు చచ్చిపోతున్నాయని నేను రెండేళ్ళుగా అందరితో అంటున్నాను. పిట్టలు బాగానే ఉన్నాయి.

నీ నుంచి దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఉదయం శిబిరంలో లక్ష్మీకాంత్‌ను పక్కకు తీసుకుపోయి అడిగాను. అతనికీ తెలుసు. బండి ఆపమని ఈల వేస్తాడు, నేను ఆపకపోతే ముందుకు వచ్చి నా సీటు వెనక రేకు మీద అరచేత్తో కొడతాడు. అది అతని అలవాటనుకున్నాను. ఒకటి రెండుసార్లు రేకు పాడవుతుందని కసిరాను కూడా. డాక్టర్ దగ్గర ఏటా చూపించుకునేటప్పుడు, ఆయన పెదాలు చూసి జవాబు చెబుతున్నానని నాకు నిన్నటి దాకా తెలియదు.

పోయిన ఎండాకాలం ఒక బస్టాండులో బండి వెనక్కి తీస్తున్నాను. లక్ష్మీకాంత్ వెనక నిలబడి ఈల వేస్తూనే ఉన్నాడట. నేను వస్తూనే ఉన్నాను. గంప పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ ఆఖరి క్షణంలో లేచింది. గంప చక్రం కింద పోయింది, మామిడికాయలు చితికాయి. ఈల ఎందుకు వేయలేదురా అని పది మంది ముందు నేను అతణ్ణి తిట్టాను. అతను తల వంచుకుని తప్పయిందన్నాడు. ఆ తప్పు అతనిది కాదు. ఆ అవ్వ లేవకపోయి ఉంటే ఏమయ్యేదో పొద్దుటి నుంచి అదే ఆలోచన.

కంపెనీ వాళ్ళకు రాయి. ఆటలో తప్పు లేదని, ఆడినవాడి చెవుల్లో తప్పుందని రాయి. నా పేరు కూడా రాయి.

జాల్యా.


మహబూబాబాద్,
13 అక్టోబర్ 2011.

మామా, నీ కాళ్ళకు దండం.

నీ ఉత్తరం అక్క కూడా చదివింది. పొద్దుటి నుంచి నన్ను తిడుతూనే ఉంది. దొంగ షీట్ అన్న మాట వెనక్కి తీసుకోగలిగితే ఇంకో కాలు కూడా ఇచ్చేద్దును. ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను, ఎవరితో మాట్లాడాలని.

కంపెనీకి నువ్వు చెప్పినట్టే రాశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది, ఒకే ఒక్క వాక్యం. ఆ స్థానం వేరొకరికి ఇచ్చాము. రాని ఉద్యోగాన్ని పోయిందనడం కూడా తప్పేనేమో, కానీ పోయినట్టే ఉంది. నీ మీద కోపం లేదు. నా పని నీ చేత చేయించింది నేను. కాలు బాగయ్యాక బావ నెట్ సెంటర్లో కూర్చుంటాను.

ఇప్పుడు నా మాట ఒక్కటి విను. బస్సులు రేపో ఎల్లుండో తిరుగుతాయని ఇక్కడ అనుకుంటున్నారు. నువ్వు డిపోలో ఏం చెప్పబోతున్నావో నాకు తెలుసు, ఆ ఉత్తరం చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. చెప్పకు. నీకు ఇంకా నాలుగేళ్ళే సర్వీసు ఉంది. స్టీరింగ్ నుంచి దింపేస్తే మళ్ళీ ఎక్కించరు, ఏ మూలనో కూర్చోబెడతారు, లేదా ఇంటికి పంపుతారు. మన తండాలో డ్రైవర్ జాల్యా అంటే తప్ప ఎవరికీ తెలియదు, డ్రైవర్ తీసేస్తే ఏం మిగులుతుంది. చెవిలో పెట్టుకునే మిషన్లు వరంగల్‌లో దొరుకుతాయట, జుట్టు పెంచితే కనపడవు. లక్ష్మీకాంత్ ఉండనే ఉన్నాడు, రెండేళ్ళు కాచినవాడు నాలుగేళ్ళు కాయడా. అత్త కూడా ఇదే అంటుంది, ఆమె అనకపోయినా నాకు తెలుసు.

ఈ చెవుల వల్ల ఇంట్లో ఒక ఉద్యోగం పోయింది మామా. ఒకటి చాలు.

ప్రేమ్‌సింగ్.


భూపాలపల్లి,
17 అక్టోబర్ 2011.

అల్లుడు ప్రేమ్‌సింగ్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది, నాలుగుసార్లు చదివాను. నీ ఉద్యోగం పోవడానికి కారణం నేనే. నువ్వు కాదన్నంత మాత్రాన కాకుండా పోదు. కంప్యూటర్‌ను గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాను, మొదటి నమ్మకమైన బండిలో వేసి పంపుతాను. ఇంకో కంపెనీ చూసుకో. ఈసారి నువ్వే ఆడు.

మీ అత్త నువ్వన్నట్టే అన్నది. రెండు రోజులు అదే మాట మీద ఉంది. మూడో రోజు పొద్దున, బండ్లు తిరుగుతాయని తెలిశాక, ఖాకీ బట్టలు ఇస్త్రీ చేయించి మంచం మీద పెట్టింది. ఏం చేయాలో నన్నే తేల్చుకోమని దాని అర్థం అనుకున్నాను. వేసుకుని పోయాను.

డిపోలో పండగలా ఉంది. ఇన్నాళ్ళు నిలబడ్డ బండ్లను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. బీక్యా అందరికీ కొబ్బరి ముక్కలు పంచాడు. నా బండి హన్మకొండ సర్వీసు, ఎనిమిది గంటలకు. ఎక్కి సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాను. ఇంజిన్ ఒక్క ఊపులో అందుకుంది. దాని మోత నాకు ఎప్పట్లాగే బాగా వినపడింది. మోసమంతా అందులోనే ఉంది అల్లుడా. ఇంజిన్ వినపడుతున్నంత సేపూ అన్నీ వినపడుతున్నట్టే ఉంటుంది.

లక్ష్మీకాంత్ నా పక్కకు వచ్చి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా చెప్పాడు. "నేనున్న గదన్నా. ఈ నాలుగేండ్లు నేను నెట్టుకొస్త."

అతను ఆ మాట మనసులోంచే అన్నాడు. నాకు ఆశ కూడా కలిగింది, అబద్ధమెందుకు. అద్దంలో వెనక్కి చూశాను. బండి అప్పటికే నిండింది. ఇన్నాళ్ళూ ఎక్కడికీ పోలేక ఉగ్గబట్టుకున్న జనం. దవాఖానకు పోయేవాళ్ళు, పిల్లల్ని హాస్టల్లో దింపేవాళ్ళు. ఒకామె ఒళ్ళో పసిపిల్ల. వాళ్ళలో ఎవరికీ నా చెవుల సంగతి తెలియదు. నాకు తెలుసు, లక్ష్మీకాంత్‌కు తెలుసు. మొన్నటి దాకా నాకు తెలియదని చెప్పుకోవడానికైనా ఉండేది.

ఇంజిన్ ఆపేసి దిగాను. మేనేజర్ గదికి పోయి లాగ్ షీట్ బల్ల మీద పెట్టాను. డ్యూటీ ఎందుకు చేయడం లేదో రాసే చోట, చెవులు వినపడవు అని రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆయన చదివి నా వైపు చూసి, ఇదెలా తెలిసిందని అడిగాడు. మా అల్లుడి గుర్రం ద్వారా తెలిసిందని చెప్పాను. హన్మకొండలో చెవుల పరీక్షకు పొమ్మని కాగితం రాసిచ్చాడు. ఆ తర్వాత ఏ పనిలో పెడతారో, అసలు పెడతారో లేదో ఆయనకూ తెలియదట. మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ చూపించాడు.

నా బండికి ఇంకో డ్రైవర్‌ను వేశారు. పరీక్షకు పోవడానికి ఆ బండే ఉంది. కనుక అదే ఎక్కాను. మూడో వరసలో, కిటికీ పక్కన. ఇరవై నాలుగేళ్ళలో ఆ బండిలో వెనక కూర్చోవడం అదే మొదలు. లక్ష్మీకాంత్ టికెట్లు కొడుతూ నా వరస దగ్గరికి వచ్చి, నా ముఖం చూడకుండా దాటిపోయాడు. నా మీద కోపమనుకున్నాను. తర్వాత చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మొదటి ఊరు వచ్చింది. లక్ష్మీకాంత్ మెట్టు దగ్గర నిలబడి ఈల నోట్లో పెట్టుకున్నాడు. అతని బుగ్గలు ఉబ్బాయి. నాకేమీ వినపడలేదు. బండి ఆగింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ముసలాయన మెల్లగా దిగారు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

పరకాల దాకా అతని బుగ్గలనే చూస్తూ కూర్చున్నాను. పదకొండుసార్లు ఉబ్బాయి. పదకొండుసార్లూ బండి ఆగింది.

నీ మామ,
జాల్యా.